వణకని చలి

నేను ఏం పని చేస్తానో కింది వాటా అక్కకి ఒకసారి చెప్పబోయాను. బుద్ధి గడ్డి తిని చెప్పాననుకోండి. "ప్రపంచంలో కొవ్వు గురించి ఎవరెవరు ఏమేం రాస్తున్నారో చూసి, అదంతా ఒక పటంలా గీసివ్వాలక్కా" అన్నాను. ఆమె చేటలో బియ్యం చెరగడం ఆపి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"కొవ్వు గురించి సదువుడేంది చెల్లె? మా ఆడిబిడ్డను తోల్కొస్త, దాన్ని సూస్కుంట రాయి. ఒంట్ల కొవ్వే, మాటల గూడ కొవ్వే."

ఆమెననేం లాభం! మన భాషలో ఆ మాటకి ఏనాడూ మర్యాద లేదు. ఎవడైనా ఎదురు మాట్లాడితే కొవ్వెక్కిందంటాం. ఉన్న ఉద్యోగం మానేస్తే ఒళ్ళు కొవ్వెక్కి మానేశాడంటాం. ఇలాంటి భాషలో పుట్టి, ఒక రకం కొవ్వు చాలా మంచిదనీ, దాని కోసం దేశదేశాల్లో చదువుకున్నవాళ్ళు తలలు బద్దలు కొట్టుకుంటున్నారనీ నేను ఎవరికి చెప్పి నమ్మించను? నవ్వేసి మెట్లెక్కి పైకి వచ్చేశాను.

ఆ మంచి కొవ్వు గోధుమ రంగులో ఉంటుంది. మామూలు తెల్ల కొవ్వు ఒంట్లో దాచిపెట్టుకునే సరుకు. ఇది దాచుకునే రకం కాదు, కాలే రకం. కాలి ఒంటికి వేడినిస్తుంది, అంతకు మించి వేరే పని పెట్టుకోదు. ఒకప్పుడు ఇది పసిపిల్లల్లోనూ, చలికాలమంతా ముడుచుకుని పడుకునే జంతువుల్లోనూ మాత్రమే ముఖ్యమనుకునేవారు. తర్వాత్తర్వాత వేరే జబ్బుల కోసం తీసిన స్కానింగుల్లో పెద్దవాళ్ళ మెడ దగ్గర, భుజాల దగ్గర అది వెలుగుతూ కనబడింది. ఇంక చూడండి, లోకం లోకమంతా దాని వెంటపడింది. మనిషి కూర్చున్నచోట కూర్చునే తిన్నదంతా వేడిగా ఖర్చుచేసుకోవచ్చేమో, లావు తగ్గుతుందేమో, చక్కెర జబ్బు అదుపులోకి వస్తుందేమో అని ఆశ. మనుషుల్ని చల్లటి గదుల్లో కూర్చోబెట్టి చూస్తారు. ఎలుకలకి రకరకాల మందులిచ్చి చూస్తారు. తెల్ల కొవ్వుని గోధుమ కొవ్వుగా మార్చగలమా అని చూస్తారు.

నా పని వీళ్ళందరి రాతలనీ ఒకచోట పోగుచేయడం. సిటీలో ఒక కంపెనీ పని పంపిస్తుంది, ఇంట్లో కూర్చుని చేసి పంపిస్తాను. కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం ఉంది. వాళ్ళు రాసిన పరిశోధన పేపర్లలో ఏ మాట ఎక్కువగా వస్తే ఆ మాటకి అంత పెద్ద చుక్క పెడుతుంది. ఏ రెండు మాటలు కలిసి వస్తే వాటి మధ్య ఒక గీత గీస్తుంది. ఊబకాయం పెద్ద చుక్క. మధుమేహం పెద్ద చుక్క. చలి కొంచెం చిన్నది. అన్నిటికన్నా లావుగా మధ్యలో కూర్చున్నది ఎలుక. ఈ భూమ్మీద ఈ కొవ్వు గురించి ఎక్కువ అనుభవం ఎలుకలకే ఉందని నాకు ఆ బొమ్మ చూశాకే తెలిసింది. పక్కన, దాదాపు అంచు మీద, ఏ గీతలూ పెద్దగా లేకుండా ఒక పేలవమైన చుక్క ఉంది. అది నవజాత శిశువు. కథ మొదలైంది అక్కడే గానీ, ఇప్పుడు దాని గురించి రాసేవాళ్ళు తక్కువ.

ఇబ్రహీంపట్నానికి నేను వచ్చింది అద్దె తక్కువని. మాది కోస్తా వైపు. చదువైపోయి ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి, మీర్‌పేట్‌లో చాలా ఏళ్ళు ఉన్నాను. ఉద్యోగం ఇంటినుంచే అయ్యాక, గోడకి గోడ ఆనుకున్న ఆ కాలనీలో పక్కింటి టీవీ వింటూ బతకాల్సిన ఖర్మ ఏమిటనిపించి ఇక్కడికి మారాను. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదంటే చెప్పడానికి పెద్ద కథేం లేదు. సంబంధాలు వచ్చాయి, పోయాయి, తర్వాత రావడం మానేశాయి. అమ్మా నాన్నా పోయారు. అన్నయ్య పండక్కి ఫోన్ చేస్తాడు. నిశ్శబ్దం కావాలని కోరి వచ్చాను కదా, కోరినదానికంటే ఎక్కువే దొరికింది. పొద్దున్నే నాదర్‌గుల్ వైపు నుంచి శిక్షణ విమానాలు గొణుక్కుంటూ తిరుగుతాయి. అవి ఆగాక ఇంట్లో ఫ్యాన్ చప్పుడే. ఒక్కోరోజు సాయంత్రం కూరగాయలబ్బాయితో మాట్లాడబోతే గొంతు పెగిలేది కాదు. పొద్దుటినుంచీ దానితో పని పడలేదు మరి.

ఒంటరిగా ఉండేవాళ్ళకి జ్వరం వస్తే తెలియదు. ఈ సంగతి ఎవరూ చెప్పరు. మన చెయ్యి మన నుదుటి మీద పెట్టుకుంటే రెండూ ఒకటే వేడి. ఒళ్ళు కాలిపోతోందని చెప్పాలంటే ఇంకో మనిషి చెయ్యి కావాలి. ఏడాది మొత్తంలో నన్ను ముట్టుకున్నదెవరా అని ఒకసారి కూర్చుని ఆలోచిస్తే, జాకెట్టు కొలతలు తీసుకున్న టైలరమ్మా, దిల్‌సుఖ్‌నగర్ బస్సులో నా మీద పడ్డవాళ్ళూ తప్ప ఎవరూ గుర్తురాలేదు. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

కింది వాటా అక్కకి నాకంటే నాలుగేళ్ళు ఎక్కువుంటాయేమో. భర్త లేడు. ఒక హాస్టల్లో వంట చేస్తుంది. ఉన్నది ఒక్కతే కూతురు, దానికి పెళ్ళి చేసి మహేశ్వరం పంపింది. అల్లుడు ఎయిర్‌పోర్టుకి కారు నడుపుతాడు. నేను వచ్చిన కొత్తల్లో ఆమెని "ఏమండీ" అని పిలిస్తే చిరాకు పడింది. "నువ్వు అండీ అంటె నాకు ఆఫీసుల లైన్ల నిలవడ్డట్టుంటది. అక్కా అను" అంది. అప్పటినుంచి అక్క. నేను చెల్లె. మూడొంతులు తోటకూర, పుంటికూర ఇచ్చి పుచ్చుకునే బంధమే గానీ, నన్ను ఆ వరసతో పిలిచే మనిషి ఈ ఊళ్ళో ఆమె ఒక్కతే.

కూతురు నెలలు నిండకుండానే ఆ వేసవిలో తల్లిగారింటికి వచ్చింది, పురుడు కోసం. వచ్చిన కొన్నాళ్ళకే నొప్పులొచ్చి, ముందుగానే, ఆపరేషన్‌తో ఆడపిల్ల పుట్టింది. అరచేతిలో పట్టేంత పిల్ల. దవాఖానలో పసిపిల్లల వార్డులో కొన్నాళ్ళు పెట్టి, కొంచెం బరువెక్కాక ఇంటికి పంపారు. పంపేటప్పుడు నర్సు చెప్పింది, బరువు తక్కువ పిల్ల కాబట్టి బట్టల్లేకుండా తల్లి గుండెకి ఆనించి కట్టుకోవాలని, ఎంతసేపు వీలైతే అంతసేపు. ఆ అమ్మాయి అలాగే చేసింది. ఇంతలో ఆ అమ్మాయికే ఆపరేషన్ కుట్లు చీము పట్టి, విపరీతమైన జ్వరంతో మళ్ళీ సిటీలో పెద్దాసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. అక్కడి వార్డులో పసిదాన్ని ఉంచితే ఏదన్నా అంటుకుంటుందన్నారు. అల్లుడు భార్య దగ్గర ఆగిపోయాడు. పిల్ల ఇక్కడ, అమ్మమ్మ దగ్గర, డాక్టరు రాసిచ్చిన డబ్బా పాలతో ఉండిపోయింది. ఇంకా పేరు కూడా పెట్టలేదు. పిల్ల అనీ, సంటిది అనీ పిలిచేవాళ్ళు.

నేను అప్పటికి పిల్లని దూరం నుంచే చూశాను. పురిటి ఇల్లు, పైగా అంత చిన్న ప్రాణం, ముట్టుకుంటే ఏమవుతుందోనని భయం. ఆ మధ్యాహ్నం కిందికి వెళ్ళింది కూడా పిల్లని చూడ్డానికి కాదు, మంచినీళ్ళ క్యాన్ వాడికి డబ్బులివ్వడానికి. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. వాడిని పంపించి వస్తుంటే తలుపు తీసి ఉంది. లోపలికి తొంగిచూస్తే గదంతా చల్లగా, కొబ్బరిపీచు తడి వాసన. అల్లుడు కొనిచ్చిన కొత్త కూలర్ గుయ్యిమంటూ తిరుగుతోంది. దాని ఎదురుగా మంచం మీద పాత నూలుచీర మడత, దాని మీద పిల్ల. అక్క పక్కన కూర్చుని దగ్గుతోంది.

"ఎంత మంచిగ పండుకుందో సూడు చెల్లె. ఇంత ఎండల ఒక్కసారి ఏడువలే" అంది.

దగ్గరికి వెళ్ళి చూశాను. ఎందుకో తెలియదు, ఎప్పుడూ లేనిది చెయ్యి చాచి పిల్ల పాదం పట్టుకున్నాను. ఫ్రిజ్‌లోంచి తీసిన బెండకాయలా ఉంది.

"అక్కా, ఇది చల్లగా ఉంది! కూలర్ ఆపు."

"బంద్ జేసుడేంది? బైట సూసినవా? సంటిదానికి వేడి జేస్తది, ఒళ్ళంత సెమటకాయలైతయ్. నర్సమ్మ గుండెకు కట్టుకొమ్మన్నది గానీ, గీ ఎండల ఎట్ల కట్టుకుంటరు? ఉడికిపోతది పిల్ల."

"చలేస్తోంది దానికి!"

"సలి పెడితె వణుకుతది గద చెల్లె! సూడు, ఇంత గూడ వణుకుతలేదు."

ఆ ఒక్క ముక్క మాత్రం నాకు తెలుసు. పసిపిల్లలు వణకరు. పెద్దవాళ్ళకి చలేస్తే కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి, పసివాళ్ళకి ఆ విద్య రాదు. వాళ్ళకున్నదల్లా వీపు మీద, మెడ చుట్టూ ఉన్న ఆ గోధుమ కొవ్వే. చల్లబడితే అది చప్పుడు చెయ్యకుండా కాలుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లకి అది కూడా సరిగ్గా ఉండదు. ఉన్న కాస్తా అయిపోయాక ఇంక కాలడానికేమీ ఉండదు, పిల్ల మగతగా పడి ఉంటుంది. చూసేవాళ్ళకి హాయిగా నిద్రపోతున్నట్టు కనబడుతుంది.

వెళ్ళి కూలర్ స్విచ్ నేనే ఆపేశాను. "వణకదక్కా, పసిపిల్లలు వణకరు. వాళ్ళకి ఒక కొవ్వుంటుంది, అది కాలి..." అని ఆత్రంగా మొదలుపెట్టాను.

"మా పిల్లకు కొవ్వెక్కడిది చెల్లె, తోలూ బొక్కలే గద!" అంది అక్క అయోమయంగా.

"అదే, అదే నేను చెప్పేది! పాలు ఎప్పుడు తాగింది?"

"పొద్దుగాల జరంత తాగింది. మల్ల లేపిన, లేస్తలేదు. ఎండకు సోలిపోయిందనుకున్న." ఆ మాట తన నోటితో తను అన్నాక ఆమె ముఖం మారిపోయింది. పిల్ల చెంప మీద తట్టింది. పిల్ల పెదవులు కొంచెం కదిలి ఆగిపోయాయి. "అయ్యో దేవుడా, దీని తల్లికి నేనేం జెప్పాలె! అవుతల దాని పాణమే బాగలేదు!" అని రొమ్ము మీద కొట్టుకుంది.

"అరవకు. నర్సుకి ఫోన్ చెయ్యి" అన్నాను. గట్టిగానే అన్నాను. కోపమొస్తే నాకు గొంతు పైకి లేస్తుంది, భయమేసినా అంతే.

నర్సు తొందరగానే ఎత్తింది. స్పీకర్ పెట్టి సంగతంతా చెప్పాం. "ముందుగాల కూలర్ బంద్ చేసిన్రా?" అని అడిగింది. "పిల్లకు టోపీ, సాక్సులు వెయ్యండి. మిగిలిన బట్టలిప్పి ఎవలన్న గుండెకు ఆనించి పట్టుకోవాలె, మీదికెళ్ళి బట్ట కట్టుకోవాలె. అమ్మా, మీరు దగ్గుతున్నరు, మీరొద్దు. ఇంకెవలున్నరు ఇంట్ల?"

అక్క నా వైపు చూసింది. "మా మీది ఇంటి చెల్లె ఉన్నది."

"మేడం, మీకు సర్ది, జ్వరం, ఒంటి మీద దురదలు గిట్ల ఏమన్న ఉన్నయా?"

"లేవు. కానీ నాకు పిల్లలు లేరమ్మా, పెళ్ళే కాలేదు. ఫరవాలేదా?" అని అడిగాను. ఇన్ని పేపర్లు చదివిన మనిషి అడగాల్సిన ప్రశ్నేనా అది? నా మొహం! కానీ ఆ క్షణాన నాకు అది నిజంగా అనుమానమే. తల్లి కాని ఒంటికి ఆ పని చేతనవుతుందా అని.

"ఒంట్ల వేడి ఉంటె చాలు మేడం" అంది ఆ అమ్మాయి విసుగ్గా. "కొద్దిసేపు సూడండి. కాళ్ళు వెచ్చబడకున్నా, పాలు గుటక వెయ్యకున్నా ఆటోల వేస్కొని రండి. ఆగొద్దు."

అక్క వెళ్ళి తలుపు గడియ పెట్టింది. నేను జాకెట్టు హుక్కుల మీద చెయ్యి పెట్టి నిలబడిపోయాను. ఇంకో మనిషి ముందు నేను ఇలా నిలబడింది లేదు. "ఈడ ఎవలున్నరు చెల్లె, ఇద్దరం ఆడోళ్ళమే. సిగ్గుపడే టైమా?" అంది ఆమె, ఏడుస్తూనే. విప్పేశాను. గోడకి దిండు ఆనించి కూర్చున్నాను. ఆమె పిల్లని తీసి నా గుండెల మధ్య నిలువుగా ఆనించి, కాళ్ళు కప్పకాళ్ళలా మడిచి, పాత నూలుచీరతో నా వీపు చుట్టూ తిప్పి గట్టిగా కట్టింది.

అంత చల్లటి వస్తువు నా ఒంటికి తగలగానే ఉలిక్కిపడ్డాను. బరువు లేదు. ఊపిరి ఉందో లేదో తెలియనంత చిన్నగా ఉంది. ఫ్యాన్ కూడా ఆపించాను. ఇంకేముంది, చెమటలు ధారలు. మే నెల మధ్యాహ్నం, రేకుల వంటగది పక్కనున్న గది, మూసిన తలుపులు. నా మెడ మీంచి కారే చెమట పిల్ల తల మీద పడకుండా అక్క కొంగుతో తుడుస్తూ కూర్చుంది. ఆమె ఏ దేవుడికి మొక్కుకుందో గానీ, నేను ఏ దేవుణ్నీ తలచుకోలేదు. పిల్ల పాదం ఒకటి నా వేళ్ళ మధ్య పెట్టుకుని, రా, రా, రా అనుకుంటూ ఉన్నాను. దేన్ని రమ్మంటున్నానో కూడా స్పష్టంగా తెలియదు.

మెల్లిగా వచ్చింది. ముందు కడుపు, తర్వాత వీపు, చివర్న పాదాలు. పాదం నా వేళ్ళంత వెచ్చబడ్డాక ఇంకా నమ్మకం కుదరక, "నువ్వు పట్టుకుని చూడక్కా" అన్నాను. ఆమె పట్టుకుని చూసి తల ఊపింది. అప్పుడు పిల్ల తలని కొంచెం తిప్పి, నా చర్మం మీద నోరు పెట్టి వెతికింది. ఏం దొరుకుతుంది దానికి, ఎండిపోయిన మనిషిని. దొరక్క సన్నగా ఏడ్చింది. ఆ ఏడుపు విని మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. అక్క పాలు కలిపి చెంచాతో పోస్తే గుటకలు వేసింది. ఆ సాయంత్రమే ఆటోలో తీసుకెళ్ళి చూపించాం. సమయానికి గమనించారనీ, తల్లి వచ్చేదాకా పిల్లని ఇలాగే గుండెకి కట్టుకోమనీ నాకు చెప్పారు.

అలా నేను కిందికి మారిపోయాను. పొద్దున్నే స్నానం చేసి వచ్చి పిల్లని కట్టుకుంటే, మళ్ళీ అన్నం తినేటప్పుడూ, బాత్రూంకి వెళ్ళేటప్పుడూ తప్ప విప్పేదాన్ని కాదు. రాత్రుళ్ళు కూడా నా దగ్గరే. అక్క హాస్టల్‌కి వెళ్ళి వంట చేసి వచ్చేది. వస్తూనే పిల్ల పాదాలు పట్టుకుని చూసేది, తర్వాత నా నుదురు పట్టుకుని చూసేది. "నువ్వు గూడ మంచిగుండాలె గద" అనేది. నా నుదుటి మీద ఒక చెయ్యి పడి ఎన్నేళ్ళయిందో! మొదటిరోజు ఆమె అలా పట్టుకున్నప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెమట అని చెప్పి తుడుచుకున్నాను.

సంతోషంగా ఉన్నానా అంటే, ఉన్నాను. అది ఒప్పుకోడానికి నాకేం సిగ్గులేదు. ఒక ఆసుపత్రిలో ఆ పిల్ల తల్లి జ్వరంతో మూలుగుతుంటే, ఇక్కడ నేను నా జన్మలో ఎన్నడూ లేనంత సంతోషంగా ఉన్నాను. పిల్ల ఊపిరి నా ఊపిరితో కలిసేది. నేను గట్టిగా గాలి పీలిస్తే అది కూడా కదిలేది. మాట్లాడితే వినేది. నోటికొచ్చినట్టు మాట్లాడేదాన్ని దానితో. కంపెనీవాళ్ళని తిట్టుకునేదాన్ని. ఎలుకల గురించి చెప్పేదాన్ని. "నీ మీద ఎవరూ రాయడంలేదే పిచ్చిపిల్లా, అందరూ లావైనవాళ్ళ మీదే రాస్తున్నారు" అనేదాన్ని. అది నా గొంతు కింద తల పెట్టుకుని తుమ్మేది.

ఇంతలో కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. బొమ్మ గజిబిజిగా ఉంది, చిన్న చుక్కలన్నీ తీసేసి శుభ్రం చేసి పంపమని. పిల్లని కట్టుకునే, ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని ఒంటిచేత్తో పనిచేశాను. చిన్నవన్నీ తీసేశాను, నవజాత శిశువుని మాత్రం ఉంచాను. మర్నాడు జవాబొచ్చింది, ఆ ఒక్కటి ఎందుకు మిగిలిందని, అది ఇప్పటి ధోరణుల్లో లేదని. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత పొడుగు జవాబు రాశాను. ఈ కొవ్వు కథంతా పసివాళ్ళతో మొదలైందనీ, మీకు అది కాల్చేసుకోడానికి కావాలి, వీళ్ళకి బతకడానికి కావాలి అనీ. రాసి, రెండుసార్లు చదువుకుని, పంపకుండా తుడిచేశాను. చుక్కని కూడా తీసేశాను. నెల తిరిగితే అద్దె కట్టాలి కదా. పిల్లకి చెబితే ఏమీ అనుకోలేదు.

పిల్ల బరువెక్కింది. తొడల మీద చిన్న మడత పడింది. అక్క ఆ మడతని వేలితో నొక్కి, "ఇగో చెల్లె, నువ్వన్న కొవ్వు వచ్చింది!" అని పగలబడి నవ్వింది. అది తెల్ల కొవ్వని నేను దిద్దబోయి ఊరుకున్నాను.

తల్లి ఒక పొద్దున ఇంటికొచ్చింది. చిక్కి సగమైంది పాపం. అల్లుడు చెయ్యి పట్టి నడిపించుకొచ్చాడు. వస్తూనే మంచం మీద కూర్చుని, జాకెట్టు విప్పుకుని, చేతులు చాచింది. నేను చీర ముడి విప్పి పిల్లని ఇచ్చాను. ఇస్తుంటే నా చర్మానికి అంటుకున్న దాని చెంప ఊడి వచ్చినప్పుడు చిన్న చప్పుడైంది. తల్లి గుండెకి ఆనించగానే పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. వెనక్కి విరుచుకుంది. ఆ అమ్మాయి ఊపింది, పాడింది, పాలివ్వబోయింది. డాక్టర్లు ఇప్పుడు ఇవ్వచ్చన్నారట. అది నోరు పెట్టలేదు. చివరికి ఏం చెయ్యాలో తోచక నా చేతికిచ్చింది. నా దగ్గరికి రాగానే ఊరుకుంది. గొంతు కింద తల దూర్చి, నిట్టూర్చి, కళ్ళు మూసుకుంది.

"నన్ను మర్చిపోయింది ఆంటీ" అంది ఆ అమ్మాయి.

అలా రెండు మూడు రోజులు గడిచాయి. తల్లి ఎత్తుకుంటే ఏడుపు. నేను గదిలోకి వస్తే ఆ ఏడుపు ఇంకా ఎక్కువయ్యేది, నా గొంతు వినపడితే చాలు అటే తల తిప్పేది. ఆ అమ్మాయి పాలు గడ్డకట్టి, నొప్పితో, అటు తిరిగి ఏడ్చేది. అంతా నేను చూస్తూనే ఉన్నాను. చూసీ వెళ్ళేదాన్ని. ఏదో ఒక వంక దొరికేది నాకు.

ఆ సాయంత్రం అక్క పైకి వచ్చింది. ఆమె మా మెట్లెక్కడం అదే మొదటిసారి, మోకాళ్ళ నొప్పులు. గిన్నెలో సేమ్యా పాయసం తెచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గిన్నె బల్ల మీద పెట్టి, నా చెయ్యి పట్టుకుంది.

"చెల్లె, ఏమనుకోకు. నువ్వు లేకుంటె ఆ పిల్ల లేదు, గది నాకెర్కె, నా బిడ్డకెర్కె. గానీ అది నీ వాసన మరిగింది. నువ్వు కనవడితె తల్లి మొకం సూస్తలేదు. తల్లి పాలు పట్టకపోతె అది మంచిగ పెరుగుతదా? నా బిడ్డ గూడ ఆగమైతుంది. జర కొన్ని దినాలు కిందికి రాకు. మల్ల నేనే పిలుస్త."

"అయ్యో, అదేం మాటక్కా! నేనే చెబుదామనుకుంటున్నాను" అన్నాను. అబద్ధం. అలాంటి ఆలోచన నా దరిదాపుల్లోకి కూడా రాలేదు.

ఆమె అన్నది న్యాయమే. అందులో తప్పు పట్టడానికి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. తప్పు ఉంటే ఎంత బాగుండేది, హాయిగా కోపం తెచ్చుకుని తిట్టుకునేదాన్ని. ఆమె జాగ్రత్తగా గోడ పట్టుకుని మెట్లు దిగుతుంటే లైటు వేశాను. పాయసం తినలేదు.

మర్నాడు పొద్దున్నుంచీ తలుపు దగ్గరగా వేసుకుని పనిలో కూర్చున్నాను. నీళ్ళ క్యాన్ వాడొస్తే డబ్బులు తాడుకి కట్టి కిందికి వదిలాను, నా గొంతు కిందికి వినపడకూడదని. మధ్యాహ్నం పిల్ల ఏడుపు అందుకుంది. మొదట సన్నగా, తర్వాత గుక్కపట్టి. కింద గదిలో ఎవరో నడుస్తున్నారు, ఊపుతున్నారు. ఆ అమ్మాయి గొంతు ఊరుకో ఊరుకో అంటోంది. ఏడుపు తగ్గలేదు. నేను లేచి తలుపు దాకా వచ్చి గడియ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

నిజం చెబుతున్నాను, ఆ ఏడుపు ఆగకూడదని కోరుకున్నాను. ఎంతకీ ఆగకపోతే వాళ్ళే వచ్చి తలుపు కొడతారు, రా చెల్లె అంటారు, నేను పరుగెత్తుతాను అనుకున్నాను. మెట్ల మీద అడుగుల కోసం చెవులు రిక్కించి విన్నాను.

ఏడుపు ఆగిపోయింది. కింద ఆ అమ్మాయి జోల ఒక్కటే సన్నగా సాగుతోంది. మళ్ళీ మొదలవుతుందేమోనని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. మొదలవలేదు.